ఒక గుంజీలో ఒళ్ళంతా

ఈ గోడపత్రిక ముందు మీరు నిలబడి చదువుతున్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. "కసరత్తులు చేసే తీరిక నాకెక్కడిది" అని మీరనుకుంటూ ఉన్నా సరే, ఈ క్షణంలో మీ ఒంట్లో ఒక కండరం ఆగకుండా పనిచేస్తూ ఉంది. నిలబడినప్పుడు మన ఒంటి బరువు చీలమండకు కాస్త ముందుగా పడుతుంది. అందుకని ఒళ్ళు ఎప్పుడూ ముందుకు వాలాలనే చూస్తుంది. వాలకుండా వెనక్కి పట్టి ఉంచేది పిక్క లోపలి పొరలో ఉండే సోలియస్ అనే కండరం. పిక్క మీద వేళ్ళుంచి, మడమలు లేపకుండా కొంచెం ముందుకు వాలి చూడండి. గట్టిపడటం తెలుస్తుంది.

ఇలాంటి సంగతులు నాకు తెలిసింది పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్ పరీక్షకు చదవడం వల్ల. జిమ్‌లో పక్కన నిలబడి కసరత్తు చేయించేవారే పర్సనల్ ట్రైనర్. పేరున్న సంస్థల పరీక్ష రాయాలంటే పద్దెనిమిదేళ్ళు నిండాలి, గుండె ఆగినప్పుడు చేసే సి.పి.ఆర్. నేర్చుకుని ఉండాలి. మా వీధి చివర రెండు జిమ్‌లు ఉన్నాయి. రెండింటి బోర్డు మీదా 'లేడీస్ బ్యాచ్' అని రాసి ఉంటుంది, నేర్పేవాళ్ళు మాత్రం అబ్బాయిలే. "వాళ్ళు నడుం పట్టుకుని సరిచేస్తుంటే ఎట్లనో ఉంటుంది" అని మా పెద్దమ్మ కూతురు నెల తిరక్కుండానే మానేసింది. నేను ఈ పరీక్షకు చదవడానికి కారణం అదే.

ప్లస్ టూలో నాది ఆర్ట్స్ గ్రూపు, బయాలజీ లేదు. ఆ పుస్తకంలో పెద్ద భాగం శరీర నిర్మాణం, కసరత్తు శాస్త్రం. మొదట్లో పేర్లన్నీ లాటిన్, గ్రీకుల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ సగం విషయాలకు మనింట్లో మాటలే ఉన్నాయి. అందుకని మనందరికీ తెలిసిన ఒక్క కసరత్తును పట్టుకుని మొత్తం చెప్పేస్తాను. అవ్వ దాన్ని గుంజీళ్ళు అంటుంది, నాన్న తోప్పుకరణం అంటారు. పిళ్ళైయార్ గుడి ముందు చెవులు పట్టుకుని తీసేవి, బడిలో టీచరు శిక్షగా తీయించేవి. తాలింఖానాల్లో వీటి బంధువులనే బస్కీలు అనేవారు. జిమ్ పుస్తకంలో పేరు స్క్వాట్.

ఎముక, సంధి, కండ

పెద్దవాళ్ళ ఒంట్లో 206 ఎముకలు. ఎముకా ఎముకా కలిసే చోటు కీలు, లేదా సంధి. పార్ట్ ఒన్ తెలుగులో రెండు అక్షరాలు కలిస్తే సంధి అని చదువుకున్నాం కదా, ఇక్కడా అంతే. వ్యాకరణంలో ఏ సంధి ఎక్కడ వస్తుందో సూత్రం ఉన్నట్టే, ఒంట్లోనూ ఏ కీలు ఎటు కదలాలో నియమం ఉంది. తుంటిది బంతిగిన్నె కీలు, అన్ని వైపులకూ తిరుగుతుంది. మోచేతిది మడతబందు కీలు, తలుపులాగా ఒక వైపుకే మడుస్తుంది. మోకాలు కూడా ఎక్కువగా మడతబందులాగే పనిచేస్తుంది, వంచినప్పుడు మాత్రం కాస్త మెలితిరగగలదు. అందుకే మోకాలిని మెలితిప్పే పని పెడితే తొందరగా దెబ్బతింటుంది.

ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీలు లిగమెంట్లు. కండను ఎముకకు అతికించే తాళ్ళు టెండన్లు. మడమ వెనక గట్టి తాడులాగా తగిలేది పిక్క కండరాల టెండన్.

ఎముకలను కదిలించే కండరాలు ఆరు వందలకు పైనే ఉన్నాయి. వీటి గురించి ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా సులువు. కండరం లాగుతుంది, ఎప్పుడూ తొయ్యదు. మరి తలుపు తోసినప్పుడు? అప్పుడు కూడా దండచేతి వెనక ఉన్న ట్రైసెప్స్ మోచేతి ఎముకను లాగి చేతిని చాపుతుంది, తలుపు వెనక్కి పోతుంది. చెయ్యి మడవడానికి ముందరి బైసెప్స్ లాగాలి. లాగడమే తెలిసిన పనివాళ్ళు కాబట్టి ప్రతి కీలుకూ అటొకరు ఇటొకరు ఉండాలి. ఒకరు లాగుతుంటే రెండోవారు సడలాలి. కసరత్తులో ఒక పక్కనే పెంచి రెండో పక్కను వదిలేస్తే కీలు సమతూకం తప్పుతుంది.

కిందికి, ఆగి, పైకి

ఇప్పుడు ఒక గుంజీ తీద్దాం. చెవులు పట్టుకున్నా పట్టుకోకపోయినా సరే. పాదాలు భుజాల వెడల్పున పెట్టి, మెల్లగా గొంతుక్కూర్చోండి.

కిందికి దిగేటప్పుడు తుంటి, మోకాలు, చీలమండ మూడూ మడుస్తాయి. "దిగేది బరువు వల్లే కదా, కండకు పనేముంది" అనిపిస్తుంది. బావిలోకి బొక్కెన వదిలేటప్పుడు తాడును గుప్పిట్లోంచి ఒక్కసారిగా వదలం, పట్టుకుని కొంచెం కొంచెంగా జారనిస్తాం. కండ కూడా అలాగే సాగుతూనే పట్టి ఉంచుతుంది. దీన్ని ఎక్సెంట్రిక్ పని అంటారు. కింద ఒక్క క్షణం ఆగామనుకోండి, కండ పొడవు మారదు, పట్టు మాత్రం ఉంటుంది. అది ఐసోమెట్రిక్. పైకి లేచేటప్పుడు కండ కురచవుతూ లాగుతుంది, బొక్కెన తోడుకున్నట్టు. అది కాన్సెంట్రిక్. పరీక్షలో ఈ మూడింటి మీద తప్పకుండా ప్రశ్నలుంటాయి.

లేపేది ఎవరు? తొడ ముందు నాలుగు కండరాల గుంపు క్వాడ్రిసెప్స్, మోకాలిచిప్ప మీదుగా పోయి కాలెముకను లాగి మోకాలు చాపుతుంది. పిరుదులో ఉన్న గ్లూటియస్ మాక్సిమస్ తుంటిని నిటారు చేస్తుంది. ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కండరం అదే. తొడ వెనక మూడు కండరాల హామ్‌స్ట్రింగ్స్ దానికి సాయం. వెన్నుకు రెండు పక్కలా నిలువునా ఉన్న కండరాలూ పొట్ట కండరాలూ కలిసి నడుమును కదలకుండా పట్టుకుంటాయి. సోలియస్ చీలమండను చూసుకుంటుంది. అంటే చెవులు పట్టుకుని తీసే ఒక్క గుంజీలో ఒంట్లోని పెద్ద కండలన్నీ దాదాపుగా పని చేసేసినట్టే.

ఇక్కడ మనం, అంటే ఆడపిల్లలం, చూసుకోవాల్సిన విషయం ఒకటుంది. లేచేటప్పుడు మోకాళ్ళు రెండూ ఒకదాని వైపు ఒకటి లోపలికి వాలుతున్నాయా అని అద్దంలో చూసుకోండి. మోకాలి లోపల ఎ.సి.ఎల్. అని ఒక లిగమెంట్ ఉంది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో అది తెగే ప్రమాదం అబ్బాయిల కన్నా అమ్మాయిలకు ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలడం అందుకు ఒక ముఖ్యమైన కారణం. తుంటి పక్కన ఉన్న గ్లూటియస్ మీడియస్ బలంగా ఉంటే తొడను బయటికి పట్టి ఉంచుతుంది. కాబట్టి సూత్రం ఇది: మోకాలు ఎప్పుడూ పాదం చూసే వైపే పోవాలి.

"మోకాలు కాలివేళ్ళను దాటకూడదు" అని చాలామంది చెప్తారు. పొడుగు తొడలున్నవాళ్ళకు దాటక తప్పదు. బలవంతంగా ఆపితే నడుము బాగా ముందుకు వంగి, భారమంతా తుంటి మీదా నడుం మీదా పడుతుంది. మడమ నేల మీద ఉండి, నొప్పి లేకుండా ఉంటే కాస్త దాటినా భయం లేదు. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు కుర్చీ పెట్టుకుని దాని మీద కూర్చుని లేస్తే చాలు. అదీ గుంజీయే.

ఊపిరి బిగబట్టవద్దు. దిగేటప్పుడు పీల్చి, లేచేటప్పుడు వదలాలి. బిగబట్టి బరువెత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బి.పి. ఉన్న అమ్మకో పెద్దమ్మకో నేర్పేటప్పుడు ఇది మరవకూడదు.

కొత్తగా యాభై గుంజీళ్ళు తీస్తే రెండో రోజు మెట్లు దిగడం నరకం. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్ల అంటారు గానీ, కసరత్తులో పుట్టిన లాక్టేట్ గంటా రెండు గంటల్లోనే సర్దుకుంటుంది. నొప్పేమో ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువవుతుంది. అసలు కారణం, అలవాటు లేని పనిలో, ముఖ్యంగా ఆ కిందికి దిగే పనిలో, కండ పోగుల్లో సన్నగా జరిగే దెబ్బ, దాని మరమ్మతు. మరమ్మతు అయ్యాక అదే పనికి కండ ముందుకన్నా ఓర్చుకుంటుంది. అందుకే మొదటి రోజు పది చాలు.

కండ లోపల ఏముంది?

కండను విడదీస్తూ పోతే పోగులు, పోగుల్లో ఇంకా సన్నపు పోగులు, అందులో రెండు రకాల ప్రోటీన్ తీగలు కనిపిస్తాయి. సన్నటిది ఆక్టిన్, లావుది మయోసిన్. కండ కురచవుతోందంటే ఈ తీగలు కుంచించుకుపోతున్నాయని కాదు. ఒకదాని సందులోకి ఒకటి జారుతున్నాయి. రెండు చేతుల వేళ్ళను ఒకదాని మధ్యలోకి ఒకటి జొనిపి దగ్గరకు జరిపి చూడండి. వేళ్ళ పొడవు మారలేదు, చేతులు మాత్రం దగ్గరయ్యాయి. ఈ సంగతిని 1954లో ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు జట్లు విడివిడిగా ప్రకటించాయి. ఒక జట్టులో హ్యూ హక్స్‌లీతో పాటు ఉన్నది జీన్ హాన్సన్ అనే మహిళా శాస్త్రవేత్త. రెండో జట్టు ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్గెర్క్‌లది. పుస్తకాల్లో హక్స్‌లీ పేరు గుర్తుంచుకున్నంతగా హాన్సన్ పేరు గుర్తుంచుకోరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జారడానికి ఖర్చయ్యేది ఎ.టి.పి. అనే ఇంధనం. కండలో దాని నిల్వ చాలా తక్కువ, అప్పటికప్పుడు తయారు కావాలి. అందుకు మూడు దారులు. బస్సు కదులుతుంటే పరిగెత్తి పట్టుకుంటాం చూడండి, అది మొదటి దారి. కండలో ముందే దాచి ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్‌తో దాదాపు పది సెకన్లు నడుస్తుంది. బస్సు దొరక్క ఇంకా ఒక నిమిషం పరిగెత్తామంటే రెండో దారి, చక్కెరను ప్రాణవాయువు అవసరం లేకుండా విడగొట్టడం. కాళ్ళు మండేది అప్పుడే. ఆ బస్సు పోయిందని తీరిగ్గా కాలేజీ దాకా నడిచామంటే మూడో దారి. ప్రాణవాయువుతో చక్కెరనూ కొవ్వునూ నింపాదిగా కాల్చడం. మూడూ ఎప్పుడూ కలిసే పనిచేస్తాయి, ఎవరి వాటా ఎంత అన్నదే మారుతుంది.

బరువులెత్తితే మగవాళ్ళలా అయిపోతామా?

"ఆడబిడ్డకు ఈ కసరత్తులెందుకే, చేతులు మోటుగా అయిపోతాయి" అని అవ్వ అంటా ఉంటుంది. కండలు బాగా పెరగడానికి తోడ్పడే టెస్టోస్టెరాన్ మనలో మగవాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తినంత మాత్రాన ఎవరూ రాత్రికి రాత్రి పహిల్వాన్ అయిపోరు. మొదటి కొన్ని వారాల్లో బలం పెరిగేది కూడా కండ పెరిగి కాదు. ఉన్న కండ పోగుల్లో ఎక్కువ వాటిని ఒకేసారి పిలవడం నరాలు నేర్చుకోవడం వల్ల.

బరువు ఎలా పెంచాలి? 1940లలో అమెరికాలో థామస్ డీలార్మ్ అనే సైనిక వైద్యుడు, గాయపడిన సైనికుల కాళ్ళకు బలం తెప్పించడానికి బరువును అంచెలంచెలుగా పెంచే పద్ధతిని పెట్టాడు. ఈ రోజుకీ ట్రైనర్ చదువుకు అదే పునాది. ఇవాళ తేలికైంది రేపు కొంచెం పెంచు, ఒళ్ళు సర్దుకునే సమయం ఇవ్వు, మళ్ళీ పెంచు.

మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. స్నాచ్‌లో బరువును తల పైన అందుకునేటప్పుడు లిఫ్టర్లు ఏ భంగిమలో ఉంటారో వీడియో చూడండి. నిండు గుంజీ!

పొట్ట తగ్గాలని రోజూ వంద సార్లు పొట్ట కసరత్తే చేసేవాళ్ళకు ఒక మాట. ఒక చోట కండకు పని పెడితే అక్కడి కొవ్వే కరగదు. కొవ్వు ఒంటి మొత్తానికీ ఉమ్మడి ఆస్తి. ఎక్కడినుంచి ముందు తియ్యాలో ఒళ్ళే చూసుకుంటుంది.

బరువులెత్తడంలో నాకు అన్నిటికన్నా పెద్ద లాభంగా తోచింది ఎముకలది. 1892లో జర్మనీ వైద్యుడు జూలియస్ వోల్ఫ్, ఎముక తన మీద పడే భారాన్ని బట్టి తనను తాను మార్చుకుంటుందని రాశాడు. భారం పడితే గట్టిపడుతుంది, పడకపోతే పలచబడుతుంది. ఎముకల గట్టిదనంలో చాలా భాగం ఇరవై ఏళ్ళ లోపే చేరిపోతుంది, మిగతా కొంచెం ముప్ఫై దాకా. ఆ తరువాత ఉన్నది కాపాడుకోవడమే. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు వేగంగా పలచబడతాయి. మా అవ్వ రెండేళ్ళ కింద స్నానాల గదిలో జారితే తుంటి ఎముక విరిగింది. ఇప్పటికీ కర్ర లేకుండా వాకిట్లోకి రాలేదు. మనకు పందొమ్మిదేళ్ళు. బ్యాంకులో డబ్బు వేసుకునే వయసింకా రాలేదేమో గానీ, ఎముకల్లో వేసుకునే వయసు మాత్రం ఇదే.

గుండె లెక్క, రక్తం లెక్క

గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో తెలియడానికి పాత లెక్క, 220 లోంచి వయసు తీసెయ్యడం. పందొమ్మిదేళ్ళకు 201. 2001లో వచ్చిన ఇంకో లెక్క ప్రకారం వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసేయాలి, అప్పుడు దాదాపు 195. ఏ లెక్కయినా మనిషికీ మనిషికీ పదీ పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. మధ్యరకం శ్రమ అంటే ఈ గరిష్ఠంలో 64 నుంచి 76 శాతం. మనకు సుమారు 129 నుంచి 153. గడియారం లేకపోతే మాటల పరీక్ష చాలు. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యరకం. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే తీవ్రం.

ఈ లెక్క కన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మన క్లాసులో మొదటి బెంచీ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే సగం దాటి పోతుంది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత అంటారు. కండకు ప్రాణవాయువు మోసుకుపోయే బండి హిమోగ్లోబినే. బండ్లు తక్కువైతే గుండె అదే సరుకు చేరవేయడానికి ఎక్కువసార్లు తిరగాలి. మూడో అంతస్తు ఎక్కేసరికే గుండె దడ, కళ్ళు తిరగడం, ఎప్పుడూ నీరసం. వీటిని చూసి "సోమరిది" అనడం చాలా సులువు. బలవంతంగా పరిగెత్తించడం ఇంకా సులువు. చదువుకున్న ట్రైనర్ మాత్రం ఆగి అడుగుతుంది: "రక్తపరీక్ష చేయించుకున్నావా?"

అందుకే ఈ చదువులో మొదటి పాఠం కసరత్తు కాదు, ప్రశ్నలు. కెనడాలో తయారై చాలా దేశాల్లో వాడే ఒక ప్రశ్నాపత్రం ఉంది. గుండె జబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, తల తిరిగి పడిపోయారా, ఎముకల కీళ్ళ ఇబ్బంది ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని అడుగుతుంది. ఒక్కదానికి అవునన్నా ముందు డాక్టరు దగ్గరికి. ట్రైనర్ జబ్బు తేల్చకూడదు, మందు చెప్పకూడదు. రక్తహీనతకు మాత్రలివ్వాల్సింది డాక్టరే. మనం చేసుకోగలిగింది, అన్నం తిన్న వెంటనే టీ కాఫీ మానడం, తోటకూర పప్పు తినేటప్పుడు కాస్త నిమ్మరసం పిండుకోవడం. టీ కాఫీలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, నిమ్మరసం పట్టేలా చేస్తుంది.

నెలసరి రోజుల్లో ఒంటికి ఓపికుంటే కసరత్తు చేయవచ్చు, లేకపోతే పడుకోవచ్చు. రెండూ తప్పు కాదు. సన్నబడాలని తిండి మానేసి కసరత్తు మాత్రం పెంచి, నెలసరి మూడు నెలలు వరసగా రాకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. ఒళ్ళు తనకు తిండి చాలడం లేదని చెప్పే గుర్తుల్లో అదొకటి. ఎముకలు పలచబడేది అలాంటప్పుడే.

తిండి మాట వచ్చింది కాబట్టి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. యాభై కిలోలుంటే 41.5 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు ఆరు, 100 మి.లీ. పాలలో సుమారు మూడు. పొద్దున ఇడ్లీతో సాంబారు వేసుకోకుండా చట్నీతో సరిపెట్టేవాళ్ళు ఒకసారి లెక్క చూసుకోండి.

ఎంత చెయ్యాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది: పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యరకం శ్రమ, దానితో పాటు కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే కసరత్తు చేయాలి. హాస్టల్ నుంచి బస్టాండు దాకా చురుగ్గా రోజూ నడిచేవాళ్ళకు మొదటిది సగం అయిపోయినట్టే. రెండోదానికి వస్తువులేమీ అక్కర్లేదు. గుంజీళ్ళు పది, గోడకు చేతులానించి దండీలు పది, మెట్టు మీద నిలబడి మడమలు లేపి దించడం పదిహేను. రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి. రెండు వారాలకు తేలికైపోతే గుంజీళ్ళు పన్నెండు చేయండి, లేదా పుస్తకాల సంచి తగిలించుకుని తీయండి. డీలార్మ్ చెప్పింది కూడా అంతే కదా.

నా పరీక్ష సెమిస్టర్ సెలవుల్లో ఉంది. ఇంట్లో ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "బి.ఏ. చదివి జిమ్‌లో పనా" అని నాన్న ప్రశ్న. కానీ అవ్వ మాత్రం పోయిన వారం నుంచి నేను చెప్పినట్టు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం మొదలుపెట్టింది. రోజుకు అయిదుసార్లు, డాక్టరును అడిగాకే. ఎముకలు పలచబడ్డాక కూడా కండలకు బలం వస్తుంది, ఏ వయసులోనైనా వస్తుంది. పడిపోకుండా ఆపేది ఆ బలమే.

ఇంతసేపూ నిలబడి చదివారు, సోలియస్‌కు వందనాలు. పక్కన అతికించిన కండరాల బొమ్మలో పేర్లు తెలుగులో రాశాను. పిక్క, తొడ, పిరుదు, దండచెయ్యి అన్నీ ఉన్నాయి. మీ ఊళ్ళో ఏ భాగానికైనా వేరే మాట ఉంటే దాని కింద పెన్సిల్‌తో రాసిపెట్టండి. నా దగ్గరికి వచ్చే మొదటి పెద్దమ్మకు ఆ మాటతోనే చెప్తాను.